కొత్త పప్పీకి ట్రైనింగ్: మనమే నేర్పుకోవాలా, ట్రైనర్‌ని పెట్టాలా, బోర్డింగ్‌కి పంపాలా?

కుక్కపిల్ల ఇంటికొచ్చిన మొదటి వారం ముద్దులతో గడిచిపోతుంది. రెండో వారానికి సోఫా పక్కన పాస్, కొరికేసిన చెప్పులు, అర్ధరాత్రి ఏడుపు మొదలవుతాయి. అక్కడి నుంచి ఇంట్లో చర్చ. యూట్యూబ్ చూసి మనమే నేర్పుదాం అని ఒకరు. పక్క ఫ్లాట్ వాళ్లకి వచ్చే ట్రైనర్ నంబర్ తీసుకుందాం అని ఇంకొకరు. రెండు నెలలు బోర్డింగ్‌లో పెడితే అన్నీ నేర్చుకుని వస్తుంది కదా, మనకెందుకీ తలనొప్పి అని మరొకరు. నాలుగో దారి పప్పీ క్లాసు, అంటే ఒకే ఈడు కుక్కపిల్లలను ఒకచోట చేర్చి నేర్పే క్లాసు. అది పెద్ద నగరాల్లో తప్ప దొరకదు కాబట్టి దాని ఊసు పెద్దగా రాదు.

ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది జాతి కాదు, బడ్జెట్ కాదు, పప్పీ వయసు. ఎందుకో చెబితే మిగతా లెక్కలన్నీ తేలికవుతాయి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

ట్రైనింగ్ అనే ఒక్క మాట కింద మనం రెండు వేర్వేరు పనులను కలిపేస్తాం. ఒకటి నేర్పడం: కూర్చో, ఆగు, రా, పాస్ ఇక్కడ పోయాలి, చెప్పులు కొరకకూడదు. రెండోది మచ్చిక. అంటే మనుషులు, పిల్లలు, వాహనాలు, చప్పుళ్లు, ఇతర జంతువులు ఇవన్నీ మామూలే, భయపడాల్సిందేమీ లేదని పిల్లకి అనుభవంలోకి రావడం. మొదటిది ఏ వయసులోనైనా కుదురుతుంది. మూడేళ్ల కుక్క కూడా 'సిట్' నేర్చుకుంటుంది. రెండోదానికి మాత్రం గడువు ఉంది.

ఆ గడువు సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జాక్సన్ లాబొరేటరీలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించి ఈ సంగతి బయటపెట్టారు. 1961లో వెలువడిన ఒక ప్రయోగంలో పద్నాలుగు వారాల వరకు మనిషి స్పర్శ లేకుండా పెరిగిన కుక్కపిల్లలు ఆ తర్వాత మనుషులను దగ్గరికి రానివ్వలేదు. మన దగ్గర 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే పద్ధతిగా తెచ్చుకున్నవాళ్లకి చేతిలో మిగిలేది ఆరు వారాలు. ట్రైనర్ దొరికాక చూద్దాం, టీకాలన్నీ అయ్యాక చూద్దాం అనుకుంటే గడిచిపోయేది ఆ ఆరు వారాలే.

కాబట్టి ఏ దారినైనా ఈ వరసలో తూచమంటాను: మచ్చిక పని దానిలో ఎంత జరుగుతుంది, ఇంటివాళ్లు ఎంత నేర్చుకుంటారు, ఏ పద్ధతిలో నేర్పుతారు, జబ్బుల రిస్కు ఎంత, మీకు రోజుకి ఎంత టైమ్ ఉంది, చివరగా ఖర్చు. ఖర్చుని చివర పెట్టడానికి కారణం ఉంది. ఈ నాలుగింటిలో ఎక్కువ ఖర్చయ్యేదే చిన్న పిల్లకి అన్నిటికంటే తక్కువ పనికొస్తుంది.

| దారి | మచ్చిక | ఇంటివాళ్లు నేర్చుకునేది | జబ్బు రిస్కు | రోజువారీ టైమ్ | ఖర్చు |
|---|---|---|---|---|---|
| మనమే నేర్పడం | మన పట్టుదలను బట్టి | చాలా | తక్కువ | ఎక్కువ | దాదాపు ట్రీట్లకే |
| ఇంటికొచ్చే ట్రైనర్ | ఓ మోస్తరు | ట్రైనర్ మనచేత చేయిస్తే చాలా | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం |
| పప్పీ క్లాసు | బాగా | బాగా | జాగ్రత్తలు ఉంటే తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం |
| బోర్డింగ్ ట్రైనింగ్ | చెప్పలేం | దాదాపు లేదు | ఎక్కువ | లేదు | ఎక్కువ |

## టీకాలా, మచ్చికా? అసలు చిక్కు ఇదే

నాలుగు దారుల్లో దేన్ని పట్టుకున్నా ఈ ప్రశ్న ఎదురవుతుంది. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో పదహారు వారాల దాకా సాగుతుంది. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలు నిండాక వేస్తారు. అన్నీ పూర్తయ్యేదాకా గడప దాటించొద్దని చాలామంది డాక్టర్లు చెబుతారు. వాళ్ల భయం ఉత్తిది కాదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది, టీకా పడని పిల్లను కొద్ది రోజుల్లోనే పొట్టనపెట్టుకుంటుంది. వీధికుక్కలు తిరిగే మన సందుల్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

కానీ పదహారు వారాలు గదిలో పెంచిన కుక్క ఆ తర్వాత ఆటో చప్పుడుకి వణికిపోతే, వచ్చినవాళ్ల మీదికల్లా ఉరికితే, అదీ నష్టమే. అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే వెటర్నరీ డాక్టర్ల సంఘం ఏవీఎస్‌ఏబీ చెప్పేది ఇది: మొదటి టీకా పడి కనీసం వారం గడిచి, మొదటి పురుగుల మందు కూడా పడి ఉంటే ఏడెనిమిది వారాల పిల్లను శుభ్రంగా నడిపే పప్పీ క్లాసులో చేర్చవచ్చు. ఆ మాట హైదరాబాద్‌లో శుభ్రంగా తుడిచిన హాలుకి వర్తిస్తుంది గానీ మున్సిపల్ పార్కుకి వర్తించదు. మీ పేటలో పార్వో కేసులు వస్తున్నాయేమో మీ డాక్టర్‌ని అడిగి అడుగేయండి.

మధ్యే మార్గం చాలా సులువు: నేల మీద దింపకండి, లోకాన్ని మాత్రం చూపించండి. చేతుల్లో ఎత్తుకుని గేటు దాకా, మెయిన్ రోడ్డు చివరి దాకా వెళ్లండి. కారు అద్దం దించి బజారు చూపించండి. బాల్కనీలో ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. టీకాలు పూర్తయి ఆరోగ్యంగా, నెమ్మదిగా ఉండే పెద్ద కుక్క చుట్టాలింట్లో ఉంటే వాళ్లింటికి తీసుకెళ్లండి.

ఏమేం చూపించాలో విదేశీ జాబితాలు వెతకనక్కర్లేదు, మన వీధే జాబితా. హెల్మెట్ తీయకుండా వచ్చే డెలివరీ అబ్బాయి, చేతికర్రతో నడిచే తాతయ్య, బుర్ఖా వేసుకున్న పక్కింటావిడ, గొడుగు, చెత్త బండి పాట, గ్యాస్ సిలిండర్ దొర్లించే మోత, కుక్కర్ విజిల్, మిక్సీ, లిఫ్టు తలుపు, చీపురు, గేదెలు, స్కూలు వదిలాక కేరింతలు కొట్టే పిల్లలు. డప్పుల చప్పుడు, టపాసులు మాత్రం నేరుగా వద్దు. ఫోన్‌లో రికార్డింగ్ చాలా తక్కువ సౌండ్‌లో పెట్టి, అది మోగినంతసేపూ ఉడికించిన చికెన్ ముక్కలు ఇస్తూ, కొన్ని రోజుల మీద కొంచెం కొంచెం పెంచండి. వినాయక నిమజ్జనానికో దీపావళికో నెల ముందు మేలుకుంటే ఆలస్యమే. పిల్ల వచ్చినప్పుడే మొదలుపెట్టాల్సిన పని ఇది.

ఒక హెచ్చరిక. నలుగురి చేతుల్లోకి మార్చి మార్చి ఎత్తుకోవడం మచ్చిక కాదు. తోక లోపలికి ముడుచుకోవడం, పదేపదే మూతి నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, బిగుసుకుపోవడం, ఇష్టమైన ముక్క కూడా తినకపోవడం ఇవన్నీ భయం గుర్తులు. కనిపిస్తే దూరం పెంచండి. "ఏం కాదులే, అలవాటవుతుంది" అని దగ్గరికి తోస్తే అలవాటయ్యేది భయమే.

## మనమే నేర్పడం

చాలా ఇళ్లకు ఇది చాలు. ట్రైనర్లకు పని లేకుండా చేయాలని కాదు, మొదటి మూడు నెలల్లో పిల్లకి కావాల్సినవి నిజంగా అంత కష్టమైనవి కావు. రోజుకి నాలుగైదుసార్లు, ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు. అన్నం గిన్నె పెట్టే ముందు కూర్చోబెట్టడం, పేరు పిలిస్తే వచ్చినప్పుడు ముక్క ఇవ్వడం, చెయ్యి కొరికితే ఆట ఆపి లేచి వెళ్లిపోవడం. ట్రీట్‌గా ఉడికిన చికెన్, పన్నీర్, గుడ్డు ముక్క గోరంత సైజులో చాలు. ఉల్లి, వెల్లుల్లి వేసి వండిన కూర ముక్కలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం.

ఈ దారి ఎక్కడ చెడుతుందంటే, ఇంట్లో మాట ఒకటి కాకపోవడం దగ్గర. పిల్లలు 'సిట్' అంటారు, నానమ్మ 'కూర్చో' అంటుంది, నాన్న 'సిట్ డౌన్ సిట్ డౌన్' అని పదిసార్లు అంటాడు. అమ్మ సోఫా ఎక్కొద్దంటుంది, ఆమె ఆఫీసుకి వెళ్లగానే అన్నయ్య ఎక్కిస్తాడు. భాష ఏదైనా పర్వాలేదు, తెలుగైతే మరీ మంచిది, కానీ అందరూ ఒకే మాట వాడాలి. ఆ మాటలు ఫ్రిజ్ మీద అంటించి పెట్టండి.

పళ్లు ఊడే వయసులో, అంటే సుమారు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, కొరకడం సహజం. గోల పెట్టకుండా ఫ్రిజ్‌లో చల్లబరిచిన క్యారెట్టో, గట్టి రబ్బరు బొమ్మో ఇవ్వండి. అయితే పంటి గాటు చర్మం దాకా దిగితే మాత్రం "మన పిల్లే కదా" అని ఊరుకోకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్‌ని కలవండి. వీధి నుంచి తెచ్చిన పిల్ల అయితే ఇది మరీ ముఖ్యం.

## ఇంటికొచ్చే ట్రైనర్

మన ఊళ్లలో ఎక్కువగా దొరికేది ఇదే. వారానికి మూడు నాలుగు రోజులు ఒక గంట వచ్చి వెళ్తారు. మంచి ట్రైనర్ దొరికితే ఇంతకంటే సుఖం లేదు. మీ ఇంట్లో, మీ లిఫ్టు దగ్గర, మీ మెట్ల మీద నేర్పుతాడు కాబట్టి నేర్చింది అక్కడికక్కడే పనికొస్తుంది.

తేడా ఎక్కడంటే, లీష్ (మెడపట్టీకి తగిలించే తాడు) ఎవరి చేతిలో ఉంటుందనే దగ్గర. ట్రైనర్ వచ్చి, పిల్లను కిందికి తీసుకెళ్లి, గంట తర్వాత తెచ్చి అప్పజెప్పి వెళ్తే పిల్ల ట్రైనర్ మాట వినడం నేర్చుకుంటుంది, మీ మాట కాదు. గంటలో సగమైనా లీష్ మీ చేతిలో ఉండి, ఆయన పక్కన నిలబడి చెబుతుండాలి. అలా చేయనివాళ్లకు డబ్బులిచ్చి ప్రయోజనం లేదు.

పద్ధతి సంగతి. కొందరు ట్రైనర్లు పోలీసు జాగిలాల శిక్షణ చూసి వచ్చిన అనుభవంతో మొదలుపెడతారు. మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసు శాఖ జాగిలాలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది, అక్కడ పని వేరు, లక్ష్యం వేరు. బాంబు వెతకాల్సిన కుక్కకీ, నానమ్మ పక్కన పడుకోవాల్సిన లాబ్రడార్ పిల్లకీ ఒకే క్రమశిక్షణ అక్కర్లేదు. లాగితే మెడ బిగించే చోక్ చైన్, ముళ్ల బెల్ట్, కరెంటు షాకిచ్చే కాలర్, చుట్టిన పేపర్‌తో మూతి మీద కొట్టడం, పాస్ పోసినచోట ముక్కు రాయడం, వీటిలో ఏది కనిపించినా ఆ సెషన్‌ని అక్కడే ఆపేయండి. కొట్టిన పిల్ల పాస్ పోయడం మానదు, మీ ఎదుట పోయడం మాత్రమే మానుతుంది. తర్వాత మంచం కింద వెతుక్కోవాలి.

## పప్పీ క్లాసు

దొరికితే, మూడు నెలల లోపు పిల్లకి నా మొదటి ఓటు దీనికే. ఒకే ఈడు పిల్లలు ఆడుకుంటూ ఎంత గట్టిగా కొరికితే అవతలిది కీచుమంటుందో తెలుసుకుంటాయి. అది మనుషులు అంత బాగా నేర్పలేని పాఠం. కొత్త మనుషులు, కొత్త చోటు ఒకేసారి పరిచయమవుతాయి.

చేర్చే ముందు ఒక క్లాసు ఊరికే వెళ్లి చూడండి. టీకా కార్డు అడుగుతున్నారా? నేల కడుగుతున్నారా? ఎనిమిది పిల్లల్ని ఒకేసారి వదిలేసి ఫోన్ చూసుకుంటున్నారా, లేక పిరికిగా ఉన్నదాన్ని పక్కకి తీసి జంటగా ఆడిస్తున్నారా? కార్డు అడగని చోటికి ఉచితమైనా వెళ్లకండి. చిన్న ఊళ్లలో క్లాసులు లేకపోతే, ఒకే వయసు కుక్కపిల్లలున్న ఇద్దరు ముగ్గురు కలిసి ఎవరి డాబా మీదైనా, కార్డులు చూసుకుని, వారానికి ఒకసారి కలుసుకున్నా పనవుతుంది.

## బోర్డింగ్ ట్రైనింగ్

ఇక్కడ నేను మధ్యస్థంగా మాట్లాడలేను. నాలుగు నెలల లోపు పిల్లకి ఇది వద్దు. చాలా కుక్కలున్నచోట కెన్నెల్ దగ్గు, పార్వో, గోమార్లు సులువుగా అంటుకుంటాయి. అంతకన్నా పెద్ద నష్టం, మనం మొదట్లో లెక్కేసిన ఆరు వారాలు పిల్ల మన ఇంటికి దూరంగా గడుపుతుంది. మన కుక్కర్ విజిల్, మన పిల్లలు, మన లిఫ్టు ఏదీ ఆ రోజుల్లో దానికి పరిచయం కాదు. అక్కడ ఏ పద్ధతిలో నేర్పుతున్నారో మనకి కనపడదు కూడా.

పెద్దయ్యాక పంపినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కుక్కలు ఒకచోట నేర్చింది ఇంకోచోటికి తమంతట తాము అన్వయించుకోలేవు. షెడ్డులో ట్రైనర్ చేతి సైగకి చకచకా కూర్చున్న కుక్క మీ హాల్లో మీ వంక అయోమయంగా చూస్తుంది. అప్పజెప్పే రోజు వీడియోలో అద్భుతంగా కనిపించేది నెల తిరిగేసరికి కరిగిపోవడానికి కారణం ఇదే.

తప్పని పరిస్థితులున్నాయి. ఇంట్లో ఆపరేషన్, విదేశీ ప్రయాణం లాంటివి. అప్పుడు ట్రైనింగ్ ఆశ పెట్టుకోకుండా, శుభ్రంగా ఉండే మామూలు బోర్డింగ్ చూసుకోండి, లేదా కుక్కలున్న చుట్టాలింట్లో ఉంచండి. ఏడాది దాటిన కుక్కకి నిజంగా బోర్డింగ్ ట్రైనింగే కావాలనుకుంటే, ఎప్పుడంటే అప్పుడు చెప్పకుండా వచ్చి చూడనిస్తారా, తిరిగొచ్చాక మీ ఇంట్లో కనీసం రెండు మూడు సెషన్లు మీతో చేయిస్తారా అని అడగండి. రెండిటికీ అవునంటేనే.

## మీ ఇంటికి ఏది?

ఇద్దరూ ఉద్యోగాలు, అపార్ట్‌మెంట్. డబ్బు కంటే టైమ్ కరువు. వారానికి రెండు మూడు రోజులు ఇంటికొచ్చే ట్రైనర్, మిగతా రోజులు మీరు. రెండు నెలల పిల్ల పాస్ రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు కాబట్టి, పగలు ఇంట్లో ఎవరూ లేకపోతే ట్రైనర్ కన్నా ముందు పగలు చూసుకునే మనిషిని వెతకండి. వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లకి వేరే చిక్కు: పిల్ల రోజంతా కాళ్ల దగ్గరే ఉండి, ఆఫీసుకి రమ్మన్న రోజు నుంచి అరుపులు. మొదటి వారం నుంచే ఐదు నిమిషాలు, పది నిమిషాలు వేరే గదిలో ఒంటరిగా ఉంచడం అలవాటు చేయండి. లిఫ్టు ఎక్కించొద్దని అసోసియేషన్ అంటే టెన్షన్ పడకండి. పెంపుడు కుక్కలను లిఫ్టుల్లో ఎక్కనివ్వకుండా ఆపకూడదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు ఉన్నాయి.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలున్న ఉమ్మడి ఇల్లు. మచ్చిక సగం ఇంట్లోనే అయిపోతుంది, గందరగోళమూ అక్కడే. ట్రైనర్‌ని నాలుగైదు సెషన్లకు పిలిచి, కుక్కకి కాదు, ఇంటిల్లిపాదికీ నేర్పించండి. ఐదేళ్ల లోపు పిల్లను, పప్పీని ఒంటరిగా వదలకండి. కుక్కంటే భయపడే అత్తగారిని బలవంతపెట్టకుండా, ఆమె విసిరిన ముక్కని దూరం నుంచి అందుకోవడంతో మొదలుపెడితే ఇద్దరికీ సుఖం.

సొంతిల్లు, ఆవరణ, లేదా పొలం. మీరే నేర్పుకోండి. స్థలం ఉంది కదా అని గేటు దగ్గర గొలుసుతో కట్టేస్తే మాత్రం మచ్చిక జరగదు. కాపలా కుక్క కావాలి కాబట్టి మనుషులకు అలవాటు చేయకూడదనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అలా పెంచింది కాపలా కాయదు, భయంతో కరుస్తుంది, పాలబ్బాయినీ చుట్టాలనీ కూడా.

వీధి కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు. దేశవాళీ పిల్లలు చురుకైనవి, పాటీ శుభ్రత చాలా తొందరగా పట్టేస్తాయి. వచ్చేటప్పటికే వీధి చప్పుళ్లు అలవాటై ఉండటం లాభం. లోపలి వస్తువులు, ఫ్యాను, టీవీ, జారే టైల్స్ కొత్త. మీరే నేర్పుతూ, బిడియం ఎక్కువగా ఉంటేనే ట్రైనర్‌ని పిలవండి.

## పాస్, పాటీ: పేపరా, డాబానా, కిందికా?

దీనికి ట్రైనర్ అవసరమే లేదు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక ఒకేచోటికి తీసుకెళ్లి, అక్కడ పోసిన వెంటనే ముక్క ఇవ్వాలి. పై అంతస్తుల వాళ్లు టీకాలయ్యేదాకా బాల్కనీలో పేపర్ లేదా గడ్డి ట్రే పెట్టుకోవడమే మేలు. కాకపోతే పేపర్‌కి అలవాటైన పిల్ల తర్వాత నేల మీద పడున్న ఏ పేపర్‌నైనా వాడేస్తుంది, అందుకే గడ్డి ట్రే నయం. కింద ఇల్లున్నవాళ్లు మొదటి రోజు నుంచే సొంత ఆవరణలో ఒక మూల ఖాయం చేసేయండి. వేసవిలో బయట నడిపించేది పొద్దున ఏడు లోపే. అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆన్చలేని రోడ్డు మీద దాని పాదాలు కాలతాయి. తడిసినచోట ఫినాయిల్ పోయకండి, అది కుక్కలకి హాని. వెనిగర్ కలిపిన నీళ్లు చాలు.

## డబ్బు కట్టే ముందు ట్రైనర్‌ని అడగాల్సినవి

మన దేశంలో ఎవరైనా డాగ్ ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవచ్చు, కాబట్టి వడపోత మన పనే. పిల్ల తప్పు చేస్తే మీరేం చేస్తారు? సరిగ్గా చేస్తే ఏం చేస్తారు? సెషన్‌లో నేను ఉండొచ్చా? ఎన్నాళ్లకి ఏం వస్తుంది? చివరి ప్రశ్నకి "నెలలో పక్కా గ్యారంటీ" అంటే అనుమానించండి. మొదటి ప్రశ్నకి "లీష్ గట్టిగా గుంజితే దానికే తెలుస్తుంది" అంటే థాంక్స్ చెప్పి పంపేయండి. నెలకి మొత్తం ముందే కట్టమనేవాళ్ల కంటే సెషన్ లెక్కన తీసుకునేవాళ్లు నయం.

ఇంకొక మాట ఫీజు గురించి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా కుక్కకి యవ్వనం. నేర్చిందంతా మర్చిపోయినట్టు ప్రవర్తిస్తుంది, పిలిస్తే రాదు, లీష్ లాగేస్తుంది. ట్రైనర్‌కి పెట్టాలనుకున్న డబ్బంతా మొదటి రెండు నెలల్లోనే ఖర్చు చేయకుండా, నాలుగైదు సెషన్లకు సరిపడా అప్పటికి ఉంచుకోండి. అన్నం గిన్నె దగ్గరికెళ్తే గుర్రుమనడం, తాకితే కరవబోవడం లాంటివి కనిపిస్తే మాత్రం ఆ వయసు కోసం ఆగకుండా, ట్రైనర్ కంటే ముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. చెవిలో చీము పట్టినా, పొట్టలో నొప్పి ఉన్నా అలాగే కనిపిస్తుంది.